మీ మాంక్ చేతికి అసలైన ఆయుధం: సాయ్, నగినాటా, మడువులను ఆట టేబుల్ మీదికి తేవడం ఎలా

టేబుల్ చుట్టూ కూర్చుని పాత్రల్ని నడిపే రోల్ ప్లేయింగ్ ఆటలో, ప్లేయర్ ఒకరు తన పాత్ర వివరాల కాగితం, అంటే క్యారెక్టర్ షీట్ నింపుతూ ఆయుధం గడి దగ్గర ఆగిపోతారు. వాళ్ల మనసులో మాంక్, అంటే మఠంలో యుద్ధవిద్య నేర్చిన సన్యాసి పాత్ర, రెండు చేతుల్లో రెండు సాయ్‌లు (జపాన్ ఒకినావా దీవి ఇనప ఆయుధాలు) పట్టుకుని మఠం గుమ్మంలో నిలబడి ఉంది. రూల్‌బుక్ ఆయుధాల పట్టికలో సాయ్ లేదు. ఇక్కడ ఆట నడిపే గేమ్ మాస్టర్లు రెండు రకాలుగా తప్పటడుగు వేస్తారు. కొందరు "లిస్టులో లేదు కాబట్టి కుదరదు" అనేస్తారు. ఇంకొందరు ఉత్సాహం కొద్దీ కొత్త డ్యామేజీ, మూడు ప్రత్యేక గుణాలు, ఒక చిన్న లోపం పెట్టి సొంత ఆయుధం తయారు చేసి ఇచ్చేస్తారు. మొదటిది ప్లేయర్ ఊహని చంపుతుంది. రెండోది ఐదారు లెవెల్స్ తర్వాత మొత్తం ఆటని కుంటుపరుస్తుంది.

ఈ రెండింటికీ మధ్య దారి ఉంది. దాన్ని అడుగడుగునా చెబుతాను. లెక్కలకి నేను ఎక్కువగా డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆట 2014, 2024 రూల్స్ ఉన్న ఐదో ఎడిషన్‌నే తీసుకుంటున్నాను. వేరే ఆట ఆడేవాళ్లకి కూడా పద్ధతి ఇదే, అంకెలు మాత్రం మారతాయి.

ముందు మీ రూల్స్ ఎంతవరకు ఒప్పుకుంటాయో చూడండి

చాలామంది ఈ పని చేయకుండానే కొత్త ఆయుధం రాయడం మొదలుపెడతారు. 2014 రూల్స్‌లో మాంక్ ఆయుధాలంటే షార్ట్ సోర్డ్, దాంతోపాటు టూ హ్యాండెడ్ (రెండు చేతులా పట్టే) లేదా హెవీ (బరువైన) గుణం లేని సింపుల్ మెలీ (సులువుగా వాడే, దగ్గరి పోరాటపు) ఆయుధాలన్నీ. అంటే గుదియ, చురకత్తి, చిన్న గొడ్డలి, కొడవలి, బల్లెం, కర్ర అన్నీ వచ్చేశాయి. 2024 రూల్స్‌లో కొంచెం మార్చారు: సింపుల్ మెలీ ఆయుధాలు, ఇంకా లైట్ (తేలికైన) గుణం ఉన్న మార్షల్ (శిక్షణ కావాల్సిన) మెలీ ఆయుధాలు. దాంతో సిమిటార్ (వంపు కత్తి) కూడా లోపలికి వచ్చింది.

ఇంకో మాట. 2014 పుస్తకంలోనే మాంక్ అధ్యాయం, పొట్టి గొలుసుతో కలిపిన రెండు కర్రముక్కలని నంచాకుగా, కురచగా తిన్నగా ఉన్న కొడవలిని కామాగా పిలుచుకోవచ్చని చెబుతుంది. పేరు ఏదైనా అంకెలు పాత ఆయుధానివే వాడమంటుంది. కాబట్టి పేరు మార్చడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. మీరు ఆడేది పాత్‌ఫైండర్ అనే ఇంకో ఆట రెండో ఎడిషన్ అయితే పని ఇంకా సులువు. బో కర్ర, కామా, నంచాకు, సాయ్ నాలుగూ మాంక్ గుర్తుతో పట్టికలోనే ఉన్నాయి.

మార్షల్ ఆయుధమే కావాలని ప్లేయర్ పట్టుబడితే, 2014 రూల్స్ మీద ఆడేవాళ్లకి రెండు దారులున్నాయి. 2017లో వచ్చిన కెన్‌సే అనే ఉపశాఖ ఒకటి, 2020లో వచ్చిన డెడికేటెడ్ వెపన్ అనే ఐచ్ఛిక సదుపాయం ఇంకొకటి. సొంత రూల్ రాసే ముందు ఈ రెండూ చదవండి. సగం సందర్భాల్లో మీ పని అక్కడే అయిపోతుంది.

ఆయుధాన్ని కాదు, పట్టుకున్న చేతుల్ని చూడండి

ఇప్పుడు అసలు ఆయుధం దగ్గరికి వెళదాం. దాన్ని నేర్చుకున్నవాళ్లు సాధన చేస్తున్న వీడియో ఒకటి వెతికి, సినిమా పోరాటం కాకుండా నెమ్మదిగా చేసే సాధన చూడండి. చూస్తున్నప్పుడు ఈ నాలుగు ప్రశ్నలకి జవాబు రాసుకోండి. ఒక చేయా, రెండు చేతులా, చేతికొకటా? దెబ్బ ఏ భాగంతో తగులుతోంది: కొసతోనా, అంచుతోనా, మొద్దు భాగంతోనా? ఎదుటి మనిషికి ఎంత దూరంలో నిలబడుతున్నారు? కొట్టడం కాకుండా ఆ ఆయుధం ఇంకేం చేస్తోంది?

నాలుగో ప్రశ్నే ప్రాణం. సాయ్‌నే తీసుకోండి. బొమ్మలో చూస్తే మూడు మొనల బాకులా ఉంటుంది కాబట్టి చాలామంది దానికి పోటు డ్యామేజీ రాసేస్తారు. ఒకినావా పద్ధతిలో వాడే సాయ్‌కి అంచు ఉండదు. మధ్య కడ్డీ గుండ్రంగానో ఎనిమిది పలకలుగానో ఉండే మొద్దు ఇనుము. ర్యుక్యూ రాజ్యంలో రక్షకభటులు దీన్ని లాఠీలా వాడేవారు. సాధన చేసేవాళ్ల చేతిని గమనించండి. బొటనవేలు పక్కకొమ్ము మొదట్లో ఆనుకుని ఉంటుంది. మధ్య కడ్డీ మోచేతి వైపుకి తిరిగి ముంజేతిని కవచంలా కప్పుతుంది. ఎదుటివాడి కర్ర దిగగానే ముంజేతి మీది ఇనుము దాన్ని ఆపుతుంది, మణికట్టు ఒక్కసారి తిరిగితే కడ్డీ ముందుకి విసురుగా వచ్చి తగులుతుంది. పక్కకొమ్ముకీ కడ్డీకీ మధ్య చిక్కిన కర్రని మెలిపెట్టి పక్కకి లాగుతారు. దగ్గరైతే పిడి చివరతో గుద్దుతారు. కొసతో పొడవడం కూడా ఉంది కానీ అది దాని పనుల్లో ఒకటి మాత్రమే.

ఇంత చూశాక జవాబులు వాటంతట అవే వస్తాయి. చేతికొకటి, మోదు దెబ్బ, బాగా దగ్గర, అదనపు పని ఆయుధాన్ని పట్టి లాగడం. డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లోనే 2003లో వచ్చిన 3.5 ఎడిషన్ కూడా సాయ్‌ని డీ4 (అంటే నాలుగు ముఖాల పాచిక) మోదు దెబ్బ ఆయుధంగానే రాసి, ఎదుటివాడి ఆయుధాన్ని విడిపించే ప్రయత్నానికి +4 ఇచ్చింది. రాసినవాళ్లు చేతుల్నే చూసి రాశారనిపిస్తుంది నాకు.

దగ్గరి చుట్టాన్ని పట్టికలో వెతకండి

నాలుగు జవాబులు చేతిలో ఉన్నాక పట్టిక తెరిచి బాగా కలిసే ఆయుధాన్ని ఎంచుకోండి. సాయ్‌కి గుదియ: డీ4, మోదు దెబ్బ, లైట్. పక్కన పిడి ఉన్న కర్ర టోన్‌ఫాకీ అదే. కామాకి కొడవలి. బోకి క్వార్టర్‌స్టాఫ్. ఒక చేత్తో డీ6, రెండు చేతులతో డీ8. పొడవాటి కర్రకి వంపు కత్తి బిగించిన నగినాటాకి బల్లెం తీసుకుని పోటు బదులు కోత అని రాస్తే, విసిరే గుణం తీసేస్తే సరిపోతుంది.

డ్యామేజీ రకం మార్చడం వల్ల ఆట చెడదు. ధైర్యంగా మార్చేయండి. అస్థిపంజరాల మీద మోదు దెబ్బకి బలం ఎక్కువ లాంటి సందర్భాలు కొన్ని ఉన్నాయి కానీ మాంక్ ఖాళీ చేత్తో గుద్దినా అది మోదు దెబ్బే కదా, కొత్తగా వచ్చి పడేది ఏమీ ఉండదు.

చాలా ఆయుధాలకి ఇక్కడే ఆగిపోవాలి. నిజంగా. పేరు, వర్ణన, డ్యామేజీ రకం మారితే చాలు, ప్లేయర్ ఊహలోని మాంక్ టేబుల్ మీదికి వచ్చేసినట్టే. బో కర్రకి ఇంకేమీ చేర్చకండి. బో పొడవు ఆరు షాకులు, అంటే దాదాపు 182 సెంటీమీటర్లు, దాంతో ఒక చివర పట్టుకుని దూరంగా పొడవచ్చు కూడా. అందుకని రీచ్, అంటే పది అడుగుల దూరం నుంచి కొట్టగల గుణం ఇవ్వమని అడుగుతారు. నేను ఇవ్వను. మొదటి లెవెల్ మాంక్‌కి పట్టికలో ఉన్న మంచి ఆయుధాల్లో కర్ర ఇప్పటికే ఒకటి. దానికి రీచ్ కూడా కలిపితే ఇంక ఎవరూ వేరే ఆయుధం ముట్టుకోరు.

ఒక్క గుణం చేర్చండి, నిలిచే మూల్యం అడగండి

కొన్ని ఆయుధాలకి మాత్రం పేరు మార్పు చాలదు. సాయ్ పట్టుకున్న ప్లేయర్ ఎప్పుడో ఒకప్పుడు ఎదుటివాడి కత్తిని పట్టి లాగాలనుకుంటారు. అది కుదరకపోతే ఆ ఆయుధం ఉట్టి అలంకారం అయిపోతుంది. అప్పుడు ఒక గుణం చేర్చండి. ఒకటంటే ఒకటే.

చేర్చినదానికి బదులు ఏదో ఒకటి తగ్గించాలని అందరికీ తెలుసు. అందరూ చేసే పని డ్యామేజీ పాచిక తగ్గించడం: "రీచ్ ఇచ్చాను, డీ10 బదులు డీ8 చేశాను, సమానం." మిగతా క్లాసులకి (పాత్ర రకాలకి) ఈ లెక్క చెల్లుతుంది. మాంక్‌కి చెల్లదు. ఎందుకంటే మాంక్ ఆయుధం పాచిక చిన్నదైతే దాని బదులు మాంక్‌కి ప్రత్యేకంగా ఉండే మార్షల్ ఆర్ట్స్ పాచిక వేయొచ్చు. 2014 రూల్స్‌లో ఆ పాచిక ఒకటో లెవెల్‌లో డీ4, ఐదులో డీ6, పదకొండులో డీ8, పదిహేడులో డీ10. 2024లో ఇంకా పెద్దది, ఒకటో లెవెల్‌లోనే డీ6తో మొదలై డీ12 దాకా వెళుతుంది. అంటే మీరు తగ్గించిన పాచిక కొన్ని లెవెల్స్ తర్వాత కనబడకుండా పోతుంది. చేర్చిన గుణం మాత్రం చివరిదాకా ఉంటుంది. ప్లేయర్ తాకట్టు పెట్టిన వస్తువు తిరిగి తీసేసుకున్నట్టు, అప్పు మాత్రం మీ దగ్గరే మిగిలినట్టు అన్నమాట.

నేనూ ఈ తప్పు చేశాను. మా టేబుల్ మీద ఒక మాంక్‌కి గ్లేవ్ (పొడవాటి కర్రకి బిగించిన కత్తి) అంకెలతో నగినాటా ఇచ్చి, హెవీ తీసేసి, డీ10ని డీ8 చేసి, రీచ్ ఉంచేశాను. మొదటి నాలుగు లెవెల్స్ హాయిగా గడిచాయి. ఐదో లెవెల్‌లో స్టన్నింగ్ స్ట్రైక్ వచ్చింది. పది అడుగుల దూరం నుంచి కొట్టడం, ఎదుటివాడిని స్తంభింపజేయడం, ఇరవై అడుగులు వెనక్కి వెళ్లిపోవడం. శత్రువు రీచ్ ఐదు అడుగులే కాబట్టి వెనక్కి వెళ్తుంటే ఆపే దెబ్బ కూడా వేయలేడు. మూడు వారాలు ఆ మాంక్ ఒంటి మీద గీత పడలేదు. పక్కన కత్తి పట్టుకున్న ఫైటర్ ప్లేయర్ మాట్లాడటం తగ్గించేశారు. అప్పుడు అర్థమైంది, నేను అడిగిన మూల్యం మూల్యమే కాదని.

మరి మాంక్ దగ్గర నిలిచే మూల్యం ఏముంది? బోనస్ యాక్షన్, అంటే తన వంతులో దొరికే అదనపు చిన్న పని. మాంక్ దాడి చేశాక బోనస్ యాక్షన్‌తో ఇంకో ఖాళీ చేతి దెబ్బ కొట్టగలడు. మొదటి లెవెల్ నుంచి ఇరవయ్యో లెవెల్ దాకా ఆ దెబ్బ విలువ పెరుగుతుందే కానీ తగ్గదు. అందుకే కొత్త గుణాన్ని ఆ దెబ్బకి బదులుగా అమ్మండి. ఒకసారి అంకెల్లో చూద్దాం. మొదటి లెవెల్ మాంక్, డెక్స్టెరిటీ (చురుకుదనం) 16, దాడికి ఇరవై ముఖాల పాచిక మీద +5. ఎదుటివాడి ఆర్మర్ క్లాస్ (దెబ్బ తగలాలంటే అందుకోవాల్సిన అంకె) 15 అనుకుంటే 10 లేదా అంతకు మించి పడాలి, అంటే 55 శాతం. ఖాళీ చేతి దెబ్బ సగటు 2.5కి 3 కలిపితే 5.5. అందులో 55 శాతం అంటే, క్రిటికల్స్ (పాచిక 20 పడితే తగిలే పెద్ద దెబ్బలు) పక్కన పెడితే, దాదాపు 3. ఒక రౌండ్‌కి మూడు పాయింట్ల డ్యామేజీ వదులుకోవడం చిన్న విషయమేమీ కాదు. ప్లేయర్ ఆలోచించి ఖర్చు పెడతారు. మనకి కావాల్సిందీ అదే.

ఈ లెక్కతో సాయ్‌ని రాద్దాం. అంకెలు గుదియవే. రెండు చేతుల్లో సాయ్‌లుంటే, దాడి చేశాక బోనస్ దెబ్బకి బదులు ఎదుటివాడి చేతి ఆయుధాన్ని పట్టే ప్రయత్నం చేయొచ్చు. మాంక్ దాడి రోల్ వేస్తుంది, ఎదుటివాడు అథ్లెటిక్స్ లేదా అక్రోబాటిక్స్ రోల్ వేస్తాడు. మాంక్ గెలిస్తే ఆయుధం చేయి జారుతుంది. ఇది నేను కనిపెట్టింది కాదు, 2014 డంజన్ మాస్టర్ గైడ్‌లో ఐచ్ఛికంగా ఉన్న డిసార్మ్ పద్ధతే. అక్కడ ఒక పూర్తి దాడిని ఖర్చు పెట్టాలి, ఇక్కడ బోనస్ దెబ్బని ఖర్చు పెడుతున్నాం. సాయ్ ప్రత్యేకత అంతే. గోళ్లు, కోరలు ఉన్న జంతువుల మీద ఇది పనిచేయదు. అది మంచిదే, ఆయుధం ఎక్కడ పనికొస్తుందో ఎక్కడ పనికిరాదో ఉంటేనే దానికి వ్యక్తిత్వం.

ఇంకో చిన్న విషయం చాలామంది మర్చిపోతారు. 2014 రూల్స్‌లో మూడో లెవెల్‌కి మాంక్ తన మీదికి వచ్చిన బాణాన్ని ఆపగలడు, డ్యామేజీ పూర్తిగా ఆపితే దాన్ని పట్టుకోగలడు. పట్టుకోవాలంటే ఒక చేయి ఖాళీగా ఉండాలి. రెండు సాయ్‌లు పట్టుకున్న మాంక్ బాణాన్ని పక్కకి కొట్టగలదు కానీ పట్టుకుని తిరిగి విసరలేదు. ఇది కూడా ఒక నిలిచే మూల్యమే. జంట ఆయుధాలన్నింటికీ దీన్ని గుర్తుచేయండి. ఖాళీ చేతి దెబ్బకి మాత్రం చేతులే ఖాళీగా ఉండాలని లేదు, మోకాలు, మడమ, తల ఏదైనా సరే. రెండు చేతులా కర్ర పట్టుకున్న మాంక్ బోనస్ దెబ్బ తన్నుగా వర్ణించమనండి, దృశ్యం ఎంత బాగుంటుందో చూడండి.

ఇప్పుడు నగినాటాని సరిచేద్దాం. బల్లెం అంకెలతో, రెండు చేతులతో డీ8, కోత. రీచ్ కావాలా? ఇద్దాం. స్టన్నింగ్ స్ట్రైక్ మాత్రం ఐదు అడుగుల లోపు ఉన్నవాడి మీదే పనిచేస్తుందని ఒక్క వాక్యం చేర్చండి. ఇంక మిగతాది ఆట తనంత తానే సర్దుకుంటుంది. పది అడుగుల దూరంలో ఉంటే ఖాళీ చేతి దెబ్బ అందదు. మొదటి లెవెల్ లెక్కలో ఆర్మర్ క్లాస్ 15 మీద దూరం నుంచి ఒక్క దెబ్బ సగటు 4.1, దగ్గరికి వచ్చి తన్ను కూడా కలిపితే 7.15. క్షేమంగా దూరాన ఉండాలా, ఎక్కువ డ్యామేజీ కోసం లోపలికి దూకాలా? ప్రతి రౌండ్‌లో ప్లేయర్ తేల్చుకోవాలి. పొడవాటి ఆయుధం పట్టుకున్న అసలు మనిషికీ ఆ చిక్కే ఉంటుంది.

మిగతా ఆయుధాలు, త్వరత్వరగా

టోన్‌ఫాకి పక్కన పిడి ఉంటుంది, కర్ర ముంజేతి వెంట ఉంటుంది. బోనస్ దెబ్బకి బదులు తన తర్వాతి వంతు దాకా ఆర్మర్ క్లాస్‌కి +2 ఇవ్వండి. జంటగా ఉంటేనే, అదీ దాడి చేసిన వంతులోనే. లెక్క దగ్గరదగ్గరగా సరిపోతుంది. రౌండ్‌కి రెండు దాడులు, దాడికి పది పాయింట్ల దెబ్బ తినే మాంక్‌కి +2 అంటే సగటున రెండు పాయింట్లు మిగిలినట్టు. వదులుకున్నది మూడు. కొంచెం నష్టమే కానీ ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఆ నష్టం ఎవరూ లెక్కపెట్టరు.

నంచాకుకి ఏమీ చేర్చకండి. దాని అందం వేగంలో ఉంది, ఆ వేగాన్ని మాంక్‌కి ఫ్లరీ ఆఫ్ బ్లోస్ (వరస గుద్దులు) ఎప్పుడో ఇచ్చేసింది. మూడు ముక్కల కర్రకి క్వార్టర్‌స్టాఫ్ చాలు. జంట కొక్కేల కత్తులకి షార్ట్ సోర్డ్ అంకెలు, కోత డ్యామేజీ. బోనస్ దెబ్బకి బదులు కాలికి కొక్కెం వేసి పడేసే ప్రయత్నం, బలం బదులు డెక్స్టెరిటీతో.

తాడుకి కట్టి విసిరే బాకు, తాడుకి కట్టిన ఇనప గుండు: రెండింటికీ విప్ (కొరడా) అంకెలు, ఒకదానికి పోటు, ఇంకొకదానికి మోదు దెబ్బ. విప్ మార్షల్ ఆయుధం, లైట్ కాదు, కాబట్టి మాంక్ పట్టికలో లేదు, మీ అనుమతి కావాలి. రీచ్ ఉంది కాబట్టి నగినాటాకి రాసిన వాక్యమే దీనికీ రాయండి.

కేరళ యుద్ధవిద్య కలరిపయట్టులోని ఉరుమి గురించి కొంచెం ఆగి చెప్పాలి. వంగే ఉక్కు రేకు కత్తి, నడుముకి చుట్టుకోగలిగేంత మెత్తన. ఇది అడిగినప్పుడల్లా గేమ్ మాస్టర్లకి వచ్చే మొదటి ఆలోచన: "పాచిక 1 పడితే తనకే తగులుతుంది." దయచేసి ఇది పెట్టకండి. ఐదో లెవెల్ మాంక్ ఫ్లరీతో కలిపి ఒక వంతులో నాలుగు రోల్స్ వేస్తుంది. నాలుగింట్లో ఒక్కటైనా 1 పడే అవకాశం 18 శాతం పైనే. అన్నీ ఉరుమి దెబ్బలు కాకపోయినా, ఏళ్ల తరబడి సాధన చేసిన మనిషి ప్రతి పోరాటంలో తనని తాను కోసుకుంటుందా? పైగా నేర్పు పెరిగి దెబ్బలు ఎక్కువయ్యేకొద్దీ ప్రమాదమూ పెరుగుతుంది, అది తలకిందులు. సాధన చూస్తే అసలు సంగతి తెలుస్తుంది: ఉరుమి తిప్పేవాళ్ల చుట్టూ ఎవరూ నిలబడరు. ఆ మూల్యమే అడగండి. ఐదు అడుగుల లోపు తోటివాళ్లు ఉన్నా, ఇరుకు సందులో ఉన్నా దాడికి డిస్‌అడ్వాంటేజ్ (పాచిక రెండుసార్లు వేసి తక్కువది తీసుకోవడం). బదులుగా విప్ అంకెలు, కోత, రీచ్.

అదే కలరిలో ఒట్ట అనే వంపు తిరిగిన చెక్క ఆయుధం ఉంది. దాని గుండ్రటి కొసతో మర్మస్థానాల మీద కొడతారు. మేస్ (గద) అంకెలిచ్చి ఊరుకోండి. స్టన్నింగ్ స్ట్రైక్ కొట్టిన ప్రతిసారీ "ఒట్ట కొస భుజం కింది మర్మం మీద తగిలింది, అతని చేయి చచ్చుబడింది" అని చెప్పండి. ఒక్క కొత్త రూల్ లేకుండా ఇంత బాగా అతికే ఆయుధం నాకు ఇంకొకటి కనబడలేదు.

మడువు కూడా చూడదగినది. రెండు కృష్ణజింక కొమ్ముల్ని కొసలు చెరో దిక్కుకి వచ్చేలా కలిపి, మధ్యలో పట్టుకుంటారు. ఫకీర్లు దీన్ని వెంట ఉంచుకునేవారు. చురకత్తి అంకెలు తీసుకుని, విసిరే గుణం తీసేసి, టోన్‌ఫాకి ఇచ్చిన రక్షణ గుణమే ఇవ్వండి. ఇది ఒక చేతి ఆయుధం, రెండో చేయి బాణం పట్టడానికి ఖాళీగా ఉంటుంది కాబట్టి +2 బదులు +1 చాలు.

ఆ మఠంలో ఈ ఆయుధం ఎందుకుంది?

అంకెలు తేలాక ప్లేయర్‌ని అడగాల్సిన ప్రశ్న ఇది. సన్యాసి చేతిలో ఆయుధం ఉండటమే ఒక వింత. చరిత్రలో దానికి రకరకాల జవాబులున్నాయి, వాటిని మీ ప్రపంచానికి తగ్గట్టు మార్చుకోవచ్చు.

చైనాలోని షావోలిన్ మఠంలో 728 నాటి శిలాశాసనం ఉంది. 621లో జరిగిన యుద్ధంలో, తర్వాత చక్రవర్తి అయిన లీ షిమిన్‌కి సాయపడిన పదముగ్గురు భిక్షువుల పేర్లు దాని మీద ఉన్నాయి. తర్వాత కొన్ని శతాబ్దాలకి, 1553లో, అదే మఠం భిక్షువులు సముద్రపు దొంగల మీద పోరాడారు, కర్రలతో. ఇలాంటి మఠం మీ ప్రపంచంలో ఉంటే, రాజు ఇచ్చిన భూములు, అందుకు బదులుగా తీర్చాల్సిన రుణం, ఎప్పుడో ఒకప్పుడు వచ్చే పిలుపు అన్నీ కథలోకి వస్తాయి.

జపాన్‌లో హియే పర్వతం మీది ఎన్‌ర్యకుజి లాంటి ఆలయాలకి సొంత సైన్యాలే ఉండేవి. నగినాటా అనగానే గుర్తొచ్చేది ఆ సోహేలు, అంటే యోధ సన్యాసులే. 1571లో యుద్ధనాయకుడు ఓడా నొబునాగా ఆ పర్వతం మీది మఠాన్ని తగలబెట్టించాడు. కాలిపోయిన మఠం నుంచి ఒక్క నగినాటాతో బయటపడిన శిష్యురాలు: మొదటి సెషన్‌కి ఇంతకంటే ఏం కావాలి?

బౌద్ధ భిక్షువుల చేతిలో గలగలలాడే ఉంగరాల కర్ర అసలు ఆయుధమే కాదు. నడిచే దారిలో చిన్న ప్రాణులు చప్పుడు విని తప్పుకోవాలని. దానికి క్వార్టర్‌స్టాఫ్ అంకెలివ్వండి, దొంగచాటుగా నడిచేటప్పుడు ఉంగరాల్ని గుడ్డతో కట్టాలని చెప్పండి. ఆ గుడ్డ ముడి విప్పే క్షణం ఎంత బరువుగా ఉంటుందో ఆడేటప్పుడు తెలుస్తుంది.

ఒకినావా ఆయుధాలన్నీ రైతుల పనిముట్లేననే కథ మీరు వినే ఉంటారు. చరిత్రకారులు అందరూ దీన్ని ఒప్పుకోరు, సాయ్ విషయంలో అది అసలే అతకదు. కామా కొడవలే, ఏకు తెడ్డే, అందులో సందేహం లేదు. పనిముట్టుతో పోరాడే మాంక్ కావాలంటే ఆ రెండిట్లో ఒకటి ఇవ్వండి. సాయ్ అడిగిన ప్లేయర్‌కి మాత్రం, ఒకప్పుడు కాపలా భటుడిగా ఉండి కొలువు వదిలి మఠంలో చేరిన గురువుని ఇవ్వండి.

ఒక్క విన్నపం. ఆయుధానికి దాని సొంత పేరు ఉంచండి, లేదా మీ ప్రపంచానికి పూర్తిగా కొత్త పేరు పెట్టండి. ఒకినావా సాయ్‌నీ, చైనా వస్త్రాన్నీ, కేరళ నమస్కారాన్నీ కలగలిపి "తూర్పు దేశపు మఠం" అని ఒకే సంచీలో వేయకండి. ఒక్కో ఆయుధం వెనక గురువులు, శిష్యులు, ఇప్పటికీ రోజూ చెమటోడ్చి సాధన చేసేవాళ్లు ఉన్నారు.

కార్డు రాయండి, మూడు పోరాటాలు ఆడండి

చివరికి అంతా అరచేయంత కార్డు మీద పట్టాలి. పట్టకపోతే ఏదో ఎక్కువైందని అర్థం. మా టేబుల్ మీద సాయ్ కార్డు ఇలా ఉంది:

"సాయ్ జత. గుదియ అంకెలు, మోదు దెబ్బ. దాడి చేశాక బోనస్ దెబ్బకి బదులు: చేతి ఆయుధాన్ని విడిపించే ప్రయత్నం, నా దాడి రోల్‌కి ఎదుటివాడి అథ్లెటిక్స్ లేదా అక్రోబాటిక్స్. రెండు చేతులూ నిండి ఉన్నాయి, బాణం పట్టలేను."

కార్డు మీద తేదీ వేసి, "మూడు పోరాటాల తర్వాత మళ్లీ చూద్దాం" అని ప్లేయర్‌తో ముందే ఒప్పుకోండి. ముందే చెప్పిన మార్పు ఎవరినీ బాధపెట్టదు, మధ్యలో హఠాత్తుగా లాక్కుంటేనే మనసు నొచ్చుకుంటుంది. ఆ మూడు పోరాటాలూ ఒకేలా ఉండకూడదు. ఒకటి కత్తులు పట్టిన మనుషులతో, ఒకటి జంతువులతో, ఒకటి దూరం నుంచి బాణాలు వేసేవాళ్లతో పెట్టండి. ప్రతి రౌండ్‌లో ప్లేయర్ కొత్త గుణాన్ని వాడారా, మామూలు దెబ్బ కొట్టారా అని కాగితం మీద గీతలు పెట్టుకోండి. మనుషులతో పోరాటంలో ప్రతి రౌండూ గుణమే వాడితే అది చవకగా అమ్మేశారన్నమాట, రోజుకి ఇన్నిసార్లని హద్దు పెట్టండి, లేదా మాంక్ ప్రత్యేక శక్తులకి ఖర్చుపెట్టే కీ పాయింట్ ఒకటి అడగండి. 2024 రూల్స్‌లో దాన్నే ఫోకస్ పాయింట్ అంటారు. మూడిట్లో ఒక్కసారి కూడా వాడకపోతే మూల్యం మరీ ఎక్కువైంది, కొంచెం తగ్గించండి.

మిగతా ప్లేయర్లని కూడా అడగండి, విడివిడిగా. మాంక్ ప్లేయర్ ఎలాగూ బాగుందనే అంటారు. పక్కన కూర్చున్న ఫైటర్ ఏమంటారో వినండి. మా టేబుల్ మీద నగినాటా కార్డు రెండోసారి రాసింది ఆ ఫైటరే. "దగ్గరికొస్తేనే స్టన్" అన్న వాక్యం కూడా వాళ్లదే.